గొప్ప సర్వీస్ ఎవరిదో తేలని గదికి నా ప్రయాణం

మా మనవరాలు ప్రయాణాల గురించి రాసే పేజీ ఒకటి నడుపుతోంది. కొండలు, సముద్రాలు, ఎక్కడ ఏం తినాలి, అన్నీ రాస్తుంది. "అమ్మమ్మా, నువ్వు ఆ రోజుల్లోనే ఒంటరిగా ఢిల్లీ వెళ్లొచ్చావు కదా, అది రాయి" అని నన్ను పట్టుకుంది. నేను చదివింది ఐదో తరగతి. ఢిల్లీలో చూడాల్సినవేవీ నేను చూడలేదు. అయినా రాస్తున్నాను. నేను వెళ్లినట్టు వెళ్లాల్సి వచ్చే తల్లులు ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటారు. వాళ్లకు దారి తెలియాలి కదా.

ఇది ఎనభైల మధ్యలో సంగతి. మా పెద్దవాడు మురళి సివిల్స్ పరీక్షకు చదువుకుంటానని ఢిల్లీ వెళ్లి, కటవారియా సరాయ్ అనే చోట మరో ముగ్గురు తెలుగు పిల్లలతో ఒక గదిలో ఉండేవాడు. రెండేళ్లు ఉన్నాడు. ఆ చలికాలంలో కామెర్లు వచ్చాయి, ముదిరాయి, పోయాడు. టెలిగ్రాం అందుకుని మా ఆయన ఒక్కరే వెళ్లి, అక్కడే జరగాల్సినవి జరిపించి, వాడి ట్రంకుపెట్టె తీసుకుని తిరిగొచ్చారు. నన్ను తీసుకెళ్లలేదు. చివరిచూపు నాకు దక్కలేదు. ఇంటికి వచ్చినవాళ్లంతా "బంగారం లాంటి పిల్లాడు" అనేవాళ్లు. విని విని, ఆ బంగారం లాంటి పిల్లాడెవరో నాకు తెలియనివాడే అనిపించేది. హోలీ వెళ్లాక ఒకరోజు, నేను ఢిల్లీ వెళ్తానన్నాను. "పెట్టె తెచ్చేశాగా, ఇంకా ఏముంది అక్కడ?" అన్నారు మా ఆయన. "వాడితో కలిసి తిన్నవాళ్లున్నారు. వాడేం మాట్లాడేవాడో, దేనికి నవ్వేవాడో వాళ్లకు తెలుసు. అది విని వచ్చేస్తాను" అన్నాను. ఆయన ఆ పిల్లలకు కార్డు రాసి పడేసి, టిక్కెట్టు తీసి ఇచ్చారు.

మాది తెనాలి దగ్గర. పాసింజరులో విజయవాడ వెళ్లి, సాయంత్రం ఢిల్లీ బండి ఎక్కాను. స్లీపరుకు నూరు రూపాయల పైచిలుకు అయినట్టు గుర్తు. ఆ రాత్రి, మర్నాడంతా, మళ్లీ ఒక రాత్రి. పులిహోర కట్టుకున్నాను గానీ తినబుద్ధి కాలేదు. ఎదురు సీటులో నాగపూరు దాకా వెళ్లే ఆవిడ ఒకరు కూర్చున్నారు.

"ఢిల్లీలో ఎవరింటికండీ?" అని అడిగింది.

"మా అబ్బాయి గదికి."

"పెళ్లయిందా?"

"లేదు."

"అయితే ఈసారి గట్టిగా చెప్పి రండి. ఢిల్లీ గాలి తగిలితే పెళ్లి మాట ఎత్తరు" అంది. తల ఊపి కిటికీ వైపు తిరిగాను. అబద్ధమేమీ చెప్పలేదు, నిజం చెప్పే ఓపికా లేదు. నాగపూరు దాటాక దారంతా ఎండిన పొలాలే. చూస్తూ పడుకున్నాను.

ఆదివారం పొద్దున్నే దిగాను. ప్లాట్‌ఫారం మీద సన్నటి కుర్రాడొకడు నేరుగా నా దగ్గరికే వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టాడు. "నేను ప్రసాదునండి, కాకినాడండి. మొహం చూసి పట్టేశానండి" అన్నాడు. ఎవరి మొహం పోలికో చెప్పలేదు. కుతుబ్ వైపు వెళ్లే సిటీ బస్సయితే రూపాయితో పోతుందని, కానీ నిలబడాలని చెప్పి ఆటో మాట్లాడాడు. సర్దార్జీ డ్రైవరు ఎక్కువ అడిగితే "మీటర్ సే చలో భయ్యా" అని ఎక్కించాడు. పాతిక రూపాయల దాకా అయింది, ముప్పావుగంట పట్టింది. కొత్తవాళ్లు బస్సు కోసం చూడకండి, ప్రయాణం బడలిక మీద అది మీ వల్ల కాదు.

దారిలో డ్రైవరు నన్ను అద్దంలో చూసి, "మాతాజీ, కుతుబ్ మీనార్ దిఖా దూఁ?" అన్నాడు. చూపిస్తాడటండి అని ప్రసాదు చెప్పాడు. తలెత్తి చూసే ఓపిక లేదని చెప్పమన్నాను. "అచ్ఛా, ముందు కొడుకును చూడాలిగా! ఇవాళ వాడికి అమ్మ చేతి అన్నం" అని హిందీలో అంటూ నవ్వాడట. ఆ మాట ప్రసాదు నాకు అప్పుడు చెప్పలేదు, మర్నాడు నన్ను బండెక్కించడానికి వచ్చినప్పుడు చెప్పాడు. అప్పుడు మాత్రం రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

కటవారియా సరాయ్ పేరుకే ఢిల్లీ, చూస్తే పల్లెటూరు. ఇరుకు సందులు, గేదెలు, గోడల మీద పిడకలు, వాకిట్లో మంచాలేసుకుని హుక్కా తాగే ముసలివాళ్లు. ఆ ఇళ్లమీదే గదులు వేసి చదువుకునే పిల్లలకు అద్దెకిస్తారు. మా వాళ్ల గది మేడ మీద. నాలుగు మంచాలు పట్టే గదిలో మూడు మంచాలున్నాయి. నాలుగో మంచం చోటు ఊడ్చి ఖాళీగా వదిలేశారు. అక్కడ పుస్తకం కూడా పెట్టుకోలేదు.

మిగతా ఇద్దరూ నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ఒకడు శేఖర్ రెడ్డి, కడప. రెండోవాడు యాదగిరి, నల్గొండ. యాదగిరి కిరసనాయిల్ స్టవ్ మీద అన్నం, పప్పు వండి ఉంచాడు. పెట్టారు, తిన్నాను. గ్లాసు కింద పెట్టినా చప్పుడు కాకుండా పెడుతున్నారు.

"మా వాడు ఎలా ఉండేవాడు నాయనా?" అని నేనే అడిగాను.

"మంచోడమ్మా" అన్నాడు యాదగిరి.

"బాగా చదివేవాడండి" అన్నాడు ప్రసాదు.

శేఖర్ తల వంచుకుని, "శానా మంచోడు" అన్నాడు.

మా ఊళ్లో విన్న మాటలే. వాడి పేరు కూడా ఎవరూ పలకలేదు. ఇంత దూరం వచ్చింది దీనికా అని నీరసం ముంచుకొచ్చింది. గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా గోడకు పేపర్లోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి అంటించి ఉంది. నుదుటికి పట్టీ కట్టుకున్న ఉంగరాల జుట్టు మనిషి, ఎడమచేత్తో బ్యాటు పట్టుకుని, వెన్ను మనకు చూపిస్తూ నిలబడ్డాడు.

"ఈయనెవరు?"

ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. చివరికి ప్రసాదు చెప్పాడు. "అమెరికా ఆయనండి, టెన్నిస్ ఆడతాడు. ప్రపంచంలో అందరికంటే గొప్ప సర్వీస్ ఆయనదేనండి." ఆట మొదలుపెట్టేటప్పుడు బంతి పైకి ఎగరేసి అవతలి వైపు కొట్టే దెబ్బను సర్వీస్ అంటారని నాకూ తెలుసు. సెలవులకు వచ్చినప్పుడు మురళి పెరట్లో నిమ్మకాయలు ఎగరేస్తూ, ప్రతిసారీ ఒకే చోట పడాలమ్మా అని సాధన చేసేవాడు. నా నిమ్మకాయలు సగం అలాగే పగిలేవి.

"అందరూ అదే అంటారా?" అని అడిగాను.

యాదగిరికి నవ్వు ఆగలేదు. "యాడికెల్లి అమ్మా! రెండేండ్లు కొట్లాడిన్రు ఈళ్లు" అన్నాడు. అప్పుడు కదిలింది కథ. ఆదివారం అన్నాలయ్యాక ఈ గదిలో అదే వాదం. ఎవరి సర్వీస్ గొప్పది? మా వాడు ఈ ఎడమచేతి ఆయన పక్షం. ప్రసాదు, పదిహేడేళ్లకే పెద్ద కప్పు గెలిచిన జర్మనీ కుర్రాడి పక్షం. ఆ ఆట ఇంటివాళ్ల టీవీలో కిటికీ బయట నిలబడి చూశారట. శేఖర్ ఏమో, వీళ్లెవరూ పుట్టకముందు ఆడిన ఓ పొడుగాటి అమెరికా మనిషి పక్షం. వాళ్ల నాన్న చెప్పగా విన్నాడు. యాదగిరికి ఆట తెలియదు, వాడు జడ్జి. వాళ్ల రూలు ఒకటుంది. ఎవరికి ముందు కోపం వస్తే వాళ్లు ఓడినట్టు. ఓడినవాడు ఆ పూట గిన్నెలు తోమాలి.

"మా వాడు ఎన్నిసార్లు తోమాడు?"

"మస్తుసార్లు. ఆయనకు ముక్కు మీదనే కోపం కదమ్మా!" అనేసి, యాదగిరి నాలుక కరుచుకున్నాడు.

చలికాలం తర్వాత మొదటిసారి నా కొడుకు గురించి నాకు తెలిసిన నిజం ఒకటి విన్నాను.

"మరి ఇప్పుడు ఆయనదే గొప్ప సర్వీస్ అని ఎలా తేలింది?" అన్నాను.

శేఖర్ మెల్లిగా చెప్పాడు. "మీ ఊర్లో పెద్దకర్మ చేసిన దినం, ఇక్కడ మేమూ తలంటు పోసుకున్న్యాం. కాశీకి పోతే ఇష్టమైంది ఒకటి వదిలేయాలంటారు కదమ్మా, వంకాయో, మామిడిపండో. మేం కాశీకి పోలేదు. అందుకని ఈ వాదం వదిలేసినాం. మీ వాడిదే గెలుపని ఒప్పుకుని, ఇంక ఎత్తగూడదనుకున్నాం."

పిల్లలు ఎంత పద్ధతిగా చేశారో అర్థమైంది. అయినా ఊరుకోలేకపోయాను.

"వదిలేయాల్సింది మీకిష్టమైంది నాయనా. వాడికిష్టమైంది మీరెలా వదిలేస్తారు?" అన్నాను. "వాడు బతికున్నప్పుడు ఒప్పుకోనివాళ్లు, పోయాడని జాలిపడి ఒప్పుకుంటే అది గెలుపా? ఇవాళ ఆదివారమే. అన్నాలు అయ్యాయి. మొదలుపెట్టండి. వాడి పక్షాన నేను కూర్చుంటాను."

వద్దండి, బాగోదండి అన్నారు. నేను కదల్లేదు. ముందు ప్రసాదు సణుగుతూ మొదలెట్టాడు, జర్మనీ కుర్రాడు మోకాళ్లు వంచి స్ప్రింగులా లేస్తాడని, బంతి కనపడదని. "కొత్త బ్యాటు మహిమ అది. కర్ర బ్యాటు ఇచ్చి కొట్టమను, తెలుస్తాది" అన్నాడు శేఖర్. "నువ్వు చూడనే లేదు కదరా మీ ముసలాయన్ని!" "మా నాయన అబద్ధం చెప్పినాడంటావా?" "మీ నాన్నగారూ రేడియోలోనే కదరా విన్నది! రేడియోలో సర్వీస్ కనపడుద్దా?" పది నిమిషాల్లో నేనున్న సంగతి మరిచిపోయారు. ఒకడు మంచమెక్కి బంతి ఎగరేసినట్టు చూపిస్తున్నాడు.

నా వంతు వచ్చింది. నాకు తెలిసిందల్లా ఇంటి సంగతే, అదే చెప్పాను. మురళి ఎడమచేతివాటం. కారం దంచేటప్పుడు ఒకే రోట్లో నేనూ వాడూ ఎదురెదురుగా రోకళ్లు వేసేవాళ్లం. అందరి రోకలీ ఒక పక్క నుంచి వస్తే వాడిది రెండో పక్క నుంచి వచ్చేది. నా చోటు వదిలి పక్కకు జరగాల్సి వచ్చేది. "ఆ అమెరికా ఆయన సర్వీసూ అంతే అయ్యుంటుంది. ఎదుటివాణ్ణి వాడి చోట్లో నిలబడనివ్వడు" అన్నాను.

"అబ్బో!" అన్నాడు యాదగిరి.

శేఖర్ ఊరుకోలేదు. "అది సర్వీస్ గొప్పతనం కాదమ్మా, ఎడమచెయ్యి గొప్పతనం. అట్లయితే ఎడమచేతోళ్లంతా గొప్పోళ్లే. పైగా కోర్టులో ఎడమ సగం నుంచి కొట్టినప్పుడు పనిచేసినంత కుడి సగం నుంచి కొడితే పనిచేయదు. ఆపైన ఆయనకు కోపమెక్కువ. అంపైర్ల మీద అరుస్తాడు. కోపిష్టోడి చెయ్యి నిలకడగా ఉండదు."

"కోపముంటే ఏం? కోపమున్నవాడు మనిషి కాదా? కోపమున్నా పని పనిలాగే చేసేవాళ్లుంటారు! నీకేం తెలుసని అంటున్నావు?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కింద వాకిట్లో హుక్కా ముసలాయన తలెత్తి చూశాడు.

యాదగిరి నా మొహంలోకి ఒకసారి చూసి, చాలా మర్యాదగా, "అమ్మా, మీరు ఓడిపోయిన్రు" అన్నాడు.

ముందు నవ్వింది నేనే. తర్వాత వాళ్లు. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది, ఆపుకోలేదు. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని గిన్నెలు తీశాను. ప్రసాదు లాక్కోబోయాడు. "రూలు రూలే" అని కిందికి దిగాను. వాకిట్లో కుళాయి దగ్గర బూడిద వేసి తోముతుంటే ఇంటావిడ వచ్చి, తన భాషలో ఏదో అంటూ నాకు ఒక పీట వేసింది. పైన కిటికీలోంచి వాదం ఇంకా వినిపిస్తూనే ఉంది.

"మురళిగాడుంటే ఇప్పుడు గ్లాసు విసిరేవాడ్రా!"

"యాడ విసురుతాడు! నా పుస్తకాలు దాచేసి రెండు దినాలు మాట్లాడకుండా తిరిగేటోడు."

"అట్లని వేరేటోళ్ల సర్వీస్ గొప్పదని ఒప్పుకుంటాడా?"

"మురళా? సచ్చినా ఒప్పుకోడు!"

ఆ మాట అన్నాక పైన చప్పుడు ఆగిపోయింది. నేను కింద నుంచే, "ఒప్పుకోడు నాయనా, కానివ్వండి" అన్నాను. మళ్లీ మొదలైంది. అన్నం గిన్నె అడుగంటి ఉంది. దాన్ని తోముతూ చాలాసేపు విన్నాను.

మర్నాడు తిరుగు బండి ఎక్కాను. వెళ్లినప్పుడు ఎంత అలసట ఉందో వచ్చేటప్పుడూ అంతే ఉంది. దుఃఖం తీరి వచ్చానని చెబితే అబద్ధమవుతుంది. కానీ అందరూ చెప్పే బంగారం లాంటి పిల్లాణ్ణి అక్కడ వదిలేసి, ముక్కు మీద కోపమున్న నా కొడుకును వెంట తెచ్చుకున్నాను. ఇప్పుడు అంతకంటే జోరుగా సర్వీస్ కొట్టేవాళ్లు ఎందరో వచ్చారని మా మనవరాలు అంటుంది. వచ్చి ఉంటారు. ఎడమచేతివాళ్ల గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే ఈ వయసులోనూ నాకు ముందు కోపం వచ్చేస్తుంది, మా ఇంట్లో ఆ పూట గిన్నెలు నావే.

ఇలాంటి ప్రయాణం మీకు రాకూడదు. వస్తే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. టిక్కెట్టు ఆదివారం పొద్దున చేరేటట్టు తీసుకోండి. మిగతా రోజుల్లో పిల్లలు లైబ్రరీలకీ కోచింగులకీ పోతారు. గది చూడటానికైతే ఏ రోజైనా ఒకటే, వాళ్ల మాట వినాలంటే మాత్రం అందరూ కలిసి అన్నం తినే పూటే వెళ్లాలి.