ఆమె ఎక్కించిన టవర్

పోయిన నెల మూడో సోమవారం పొద్దున, పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో నా భార్య కన్నుమూసింది. ఆరు నెలలుగా కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు. పెద్దగా బాధపడకుండా వెళ్లింది. ఆసుపత్రిలో చేరే ముందురోజు కూడా నాలుగు చీరలకు ఫాల్ కుట్టి, ఇస్త్రీ చేసి, వాటికి పేర్ల చీటీలు గుచ్చి పెట్టింది. ఆ చీరలవాళ్లు పదో రోజు దాటాక వచ్చి తీసుకుని వెళ్లారు.

అమీర్‌పేటలో మా ఇంటి ముందుగదే ఆమె కుట్టు గది. చుట్టుపక్కల హాస్టళ్ల ఆడపిల్లల జాకెట్ల కొలతలన్నీ ఆమెకు నోటికి వచ్చు. కొలతలు తీసుకుంటూ వాళ్లతో కబుర్లు చెప్పించుకునేది. అట్లా రెండేళ్ల కింద ఒక అమ్మాయి ఫోన్‌లో చూపించిందే కౌలాలంపూర్ టవర్. టీవీ, రేడియో ప్రసారాల కోసం కట్టింది. పైన చుట్టూ అద్దాల గది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారట. "సీరియళ్లు పంచే స్తంభమట. ఎక్కి చూడాలె," అంది ఆ సాయంత్రం. చూపించమని ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

కౌలాలంపూర్ పోయే టూర్ గ్రూపులో ఇద్దరి పేర్లూ రాయించాను. చిక్కల్లా నాతోనే. నాకు ఎత్తు పడదు. మా మూడంతస్తుల డాబా మీద ఆరేసిన బట్టలు తేవడానికి కూడా వెళ్లను. "నువ్వు గ్రూపుతో పోయిరా," అన్నాను.

"మీరు ఎక్కకుంటే నేను సుత ఎక్క. టూర్‌కు ఇంక మూడు నెలలున్నది. నేర్చుకుందురు."

నేర్పింది. ప్రతి ఆదివారం పొద్దున్నే మెట్రో స్టేషన్‌కు తీసుకుపోయేది. పంజాగుట్టకు టికెట్టు, ఒక్క స్టేషనే. ఆ రైలు కింది ప్లాట్‌ఫారానికే వస్తుంది. కానీ అదెక్కే ముందు పై ప్లాట్‌ఫారం దాకా పోయి, రెయిలింగు పక్కన ఐదు నిమిషాలు నిలబడి దిగాలి. మూడో వారం సెక్యూరిటీ అతను ఉండబట్టలేక అడిగాడు.

"వారం వారం ఎక్కుతరు, దిగుతరు. ఎటు పోవాలె అక్కా?"

"ఎటు లేదు తమ్మీ. మా సారుకు ఎక్కుడు నేర్పుతున్న."

"మరి పాసైనరా?"

"యాడ! ఇంక ఎల్‌కేజీల్నే ఉన్నరు."

నేను విసుక్కుంటే, "సూది గుచ్చుకున్నదని కుట్టు ఆపుతమా?" అనేది. అన్నిటికీ ఆమె చెప్పే మాట అదే. చివరి రోజుల్లో నరం దొరకక కంగారుపడిన నర్సుకు కూడా అదే చెప్పి నవ్వించింది.

తీరా కౌలాలంపూర్‌లో టవర్ కిందికి చేరాక తల ఎత్తి చూశాను. మెడ ఎంత వెనక్కి వంచినా కొస కనిపించలేదు. బెంచీ మీద కూలబడ్డాను. మా టూర్ మేనేజరు గుంటూరు వైపు అమ్మాయి. "ఏంటి అంకుల్ గారూ, ఇలా అయిపోయారు? పోనీ మీరిక్కడ కాఫీ తాగుతూ ఉండండి. ఆంటీ గారిని మేం తీసుకెళ్తాం," అంది.

"కాఫీకి ఇంత దూరం రావాల్నా బిడ్డా? అమీర్‌పేటల దొరకదా?" అంటూ నా భార్య నా పక్కనే కూర్చుంది.

గ్రూపువాళ్లంతా లిఫ్టు వైపు వెళ్లిపోయారు. ఆమె అటు చూడలేదు. చెప్పులు సర్దుకుని, "గాలి మంచిగున్నది ఈడ," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే లేచాను.

లిఫ్టులో, "ఎటూ చూడకుండ్రి. నా మొఖం చూడుండ్రి," అంది. చూశాను. ఒక నిమిషమో, ఇంకా తక్కువో. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె ముఖాన్ని అంతసేపు చూసింది అప్పుడే. ఎడమ కనుబొమ్మ పైన చిన్న మచ్చ ఉంది. నాకు తెలియదు.

"ఇదెప్పటిది?"

"చిన్నప్పటిది. గిప్పుడా అడిగేది?" అని నవ్వింది.

తలుపులు తెరుచుకున్నాయి. నేను లోపలి గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. నాకది చాలు. ఆమె నేరుగా అద్దం దాకా వెళ్లి నుదురు ఆనించింది. ఊరంతా కింద ఉంది. ఆమె ఊపిరికి అద్దం మసకబారింది. కొంగుతో తుడిచి చూసింది. మళ్లీ మసకబారింది. మళ్లీ తుడిచింది.