రెండు గంటల నలభై నిమిషాలు

విమాన టికెట్లు అమ్మే ఆ ఆఫీసులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ నిమిషాలయ్యే. ఏ మారుమూల విమానాశ్రయం పేరు చెప్పినా, ఎన్ని కిలోమీటర్లో, ఎంతసేపో తడుముకోకుండా చెప్పేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఇంతా చేసి, తను మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కిన పాపాన పోలేదు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. గాల్లో ఎగిరే సమయమే చెప్పాలి. విమానం మారేచోట పడే పడిగాపులు కలపకూడదు. “ఎగిరిందే ప్రయాణం, మిగతాదంతా కూర్చోవడమేగా! అదీ కలిపి చెబితే వచ్చినవాడు వెళ్ళి రైలెక్కుతాడు” అనేవాడు యజమాని.

అతని అక్క ఉండేది దేశానికి ఆ కొసన. నేరుగా గీత గీస్తే పదకొండు వందల నలభై కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానం మాత్రం లేదు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన అక్క ఆవిడ. చూసొచ్చి ఆరేళ్ళయింది.

ఒకనాడు పొద్దున్న ఎనిమిదింటికి, అప్పుడే ఆఫీసు తలుపు తీస్తుండగా మేనకోడలు ఫోన్ చేసింది.

“మామయ్యా, అమ్మకి ఇవాళ గడవడం కష్టమంటున్నారు. నిన్నే కలవరిస్తోంది. ఎంతసేపట్లో వస్తావు?”

అతనికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నోరు మాత్రం ఆడింది.

“రెండు గంటల నలభై నిమిషాలమ్మా.”

మధ్యలో పెద్ద విమానాశ్రయంలో ఆరు గంటలు కూర్చోవాలని అతనికి తెలీక కాదు. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళకి చెప్పిన లెక్కే సొంత అక్కకీ చెప్పేశాడు, అంతే. చెప్పానన్న సంగతి కూడా అతనికి తట్టలేదు.

తొమ్మిదింటికి విమానమెక్కాడు. పదకొండింటికి దిగి ఫోన్ చేస్తే మేనకోడలి ఏడుపు వినబడింది. అక్క ఐదు నిమిషాల కిందటే పోయింది. ఆ తరవాతి ఆరు గంటలూ ఇనపకుర్చీలో అలాగే కూర్చున్నాడు.

సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టాక మేనకోడలు జరిగింది చెప్పింది. ఆ పిల్ల మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

“నొప్పికి సూదిమందు ఇస్తామంటే వద్దంది మామయ్యా. నిద్రపట్టేస్తుంది, తమ్ముడొస్తే చూడాలి, రెండు గంటల నలభై నిమిషాలేగా, ఓర్చుకుంటానంది. పళ్ళు బిగబట్టి చేతిగడియారమే చూసింది. ఆ టైము దాటాక ఉండలేకపోయింది. ‘వాడు లెక్క తప్పడే. దారిలో వాడికేమైందో కనుక్కో’ అంది. మళ్ళీ మాట్లాడలేదు.”

అతను అక్క చేతిగడియారం చూస్తూ నిలబడిపోయాడు.

ఇప్పుడూ అదే కౌంటరులో కూర్చుంటున్నాడు. ఎవరైనా అక్క ఊరికి ఎంతసేపని అడిగితే, “పది గంటలు. ఇంటి గుమ్మం దాకా” అంటాడు. బేరాలు పోతున్నాయని యజమాని సణుగుతూనే ఉంటాడు. నిమిషాలయ్య వినిపించుకోడు. టికెట్ చేతికిస్తూ వాళ్ళ కళ్ళలోకి చూసి ఇంకో మాట కూడా అడుగుతాడు.

“అక్కడ మీకోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా? అయితే ముందు ఫోన్ చేసి, పది గంటలని చెప్పండి. నా ఎదురుగానే చెప్పండి.”