గుల్లల పెట్టె

నా చిన్నప్పుడు కొత్తగూడ చుట్టూ బండరాళ్లూ జొన్నచేలూ ఉండేవి. నాన్న లేని ఇల్లు మాది. ముందుగదిలో బందరు నుంచి వచ్చిన టీచరమ్మ కిరాయికి ఉండేది. ప్రత్యేక తెలంగాణ కోసం మొదటి ఉద్యమం లేచి, బళ్లు మూతపడ్డ ఏడు అది. పట్నంలో ఊరేగింపుకు పోయిన మా అన్న కాల్పుల్లో చనిపోయాడు.

అన్న దినాలు ఇంకా కాలేదు. ఊరి మగవాళ్లు కొందరు వచ్చి, మైల ఇల్లని గడప బయటే నిలబడ్డారు. "కొడుకును మింగినోళ్ల మనిషిని ఇంట్ల పెట్టుకున్నవా వదినా? పొద్దుగూకేలోపల ఎల్లగొట్టు. లేకుంటే మేమే గుంజుకపోతం" అని చెప్పి పోయారు.

టీచరమ్మ అప్పటికే రేకుపెట్టె సర్దుకుంటోంది. బడిపిల్లలకు చూపించడానికి తెచ్చిన సముద్రపు నత్తగుల్లలు నేల మీద పరచి ఉన్నాయి. నేను భయపడి ఏడుస్తుంటే దగ్గర కూర్చోబెట్టుకుని, సానరాయి మీద పలచగా అరగదీసిన గుల్లముక్కను బడి సూక్ష్మదర్శినిలో చూపించింది. సన్నటి పుల్లల్లాంటివి వరుసలు వరుసలుగా, ఒక వరుస ఇటు వాలితే పై వరుస అటు వాలి, ఈతచాప అల్లినట్టు ఉన్నాయి. పగులు వస్తే దానిలో నేరుగా పోలేదట. ప్రతి వరుస దగ్గరా దారి మళ్లి, చివరికి ఆగిపోతుందట.

అమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో మేం చూడలేదు. వంగి ఒక గుల్లను తీసుకుంది. దాని మీద గోధుమరంగు చారలు ఒక గాటు దగ్గర తెగిపోయి, అవతల వంకరగా మొదలయ్యాయి.

"రంగు సక్కగ ఎయ్యలే" అంది.

"పూసిన రంగు కాదండీ. నత్త పెరిగేకొద్దీ తనే గుల్లలో కలుపుకుంటుంది. అక్కడ పీత కొరికింది. లోపల్నుంచి మళ్లీ కట్టుకుంది గానీ, చార కలవలేదు."

"నొచ్చిందా దానికి?"

టీచరమ్మ వంగి మిగతా గుల్లలు ఏరి పెట్టెలో వేసింది.

అమ్మ ఆ గుల్లను పెట్టెలో పెట్టి మూత వేసి, పెట్టెను నెత్తికెత్తుకుంది. మైలలో ఉన్న మనిషి గడప దాటకూడదు. అమ్మ దాటింది. ఒక చేత్తో టీచరమ్మ రెక్క పట్టుకుని బొంబాయి రోడ్డు మీది చందానగర్ దాకా నడిచింది. వెనక నేను కొంగు పట్టుకుని నడిచాను. కట్టెలతో దారికి అడ్డం నిలబడ్డవాళ్లు అంటు తగులుతుందని ఒక్కొక్కరే పక్కకు జరిగారు.

"ముట్టుండ్రి, చూస్త" అంది అమ్మ, ఎవరి వైపూ చూడకుండా.

బస్సు ఎక్కించి, "మళ్ల రాకు బిడ్డా" అంది. టీచరమ్మ మళ్లీ రాలేదు. అన్న దినానికి ఊళ్లోంచి కూడా ఎవరూ రాలేదు. వండిన అన్నం అట్లాగే మిగిలిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత ఉద్యమం మళ్లీ లేచింది. అద్దాల మేడలు లేచిన అదే కొత్తగూడలో, టిఫిన్ బండి పెట్టుకున్న గుంటూరు ఆమెను కొందరు చుట్టుముట్టారు. తెలంగాణ నాకూ కావాలి. మా అన్న ప్రాణం పోయింది దానికోసమే. అయినా వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

ఆ ఏడు మూతపడ్డ బడికి నేను మళ్లీ పోలేదు; అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. నిలబడటం మాత్రం అమ్మ గడప దాటిన రోజే వచ్చింది.