మిరపతోటలో పరీక్ష

మరిపెడ దగ్గరి తండాలో ఉంటూ భూక్యా లలిత రాసిన ప్లగిన్ ఎక్కడెక్కడి వెబ్‌సైట్లలోనో పనిచేస్తోంది. పేజీలోని ఫొటోల బరువు తగ్గించి, పేజీ త్వరగా తెరుచుకునేలా చేయడం దాని పని. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తొమ్మిదేళ్లుగా దాన్ని ఒంటిచేత్తో సాకుతోంది, అంత మొండిది.

కొత్త వెర్షన్ తయారైతే కంప్యూటర్లో చూసుకుని ఊరుకోదు. సిగ్నల్ సరిగా అందని మిరపతోటకు నడిచి వెళ్లి, తల్లి సక్రి పాత ఫోన్‌లో ఒక పేజీ తెరిపిస్తుంది. తల్లిని వాళ్ల లంబాడీలో యాడి అంటారు.

ఆ మధ్య ఒకసారి సక్రి ఫోన్ చేను ఒడ్డు మీద పెట్టి కాయలు ఏరుతూ, "ఇంకా గుండ్రంగ తిరుగుతనే ఉన్నది బిడ్డా. నేను సగం సాలు ఏరిన, గిది తెరుసుకుంటలేదు" అంది. లలిత ఆ వెర్షన్ విడుదల ఆపేసింది.

ఆలస్యమెందుకని ఏ దేశం నుంచో ఒకాయన ప్లగిన్ వాడేవాళ్ల ఫోరంలో విసుక్కున్నాడు. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "మా యాడి ఫోన్‌లో తెరుచుకోలేదు. తెరుచుకునేదాకా ఆగండి" అని రాసేసింది. నాలుగు రోజులు కూర్చుని లోపం సరిచేసింది. ఈసారి సక్రి చేతిలోని కాయ బుట్టలో పడేలోపే పేజీ తెరుచుకుంది.

ఇప్పుడు కొత్త వెర్షన్ మాట ఎత్తితే చాలు, సక్రి ముఖమైనా ఎరగనివాళ్లు ఫోరంలో ముందుగా అడిగేది ఒక్కటే: "యాడి చూసిందా?"