ఎంపీకి బండి నేర్పినవాణ్ణి

మా పక్కింటి డ్రైవరు ఎంపీ అయ్యాడు. పక్కిల్లంటే కువైట్‌లో, సల్వా పేటలో, నాకు వీసా ఇచ్చిన మా కఫీల్ ఇంటి పక్కిల్లు. ఎంపీ అంటే పాకిస్తాన్ పార్లమెంటులో. ఈ మాట చెబితే ఎవరైనా అబ్బో అంటారు. ఆయనకు బండి నేర్పింది నేనే అంటే మాత్రం నవ్వుతారు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నేర్పింది నేనే. పంజాబు పల్లె నుంచి దిగిన కొత్తలో ఆయన ఇక్కడి లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే ఇంటికి పంపేస్తానని వాళ్ళ కఫీల్ తేల్చి చెప్పేశాడు. వెనక్కి నడిపి రెండు డబ్బాల మధ్య బండి పెట్టమంటే చాలు, చెమటలు పట్టేవి ఆయనకు. శుక్రవారం పొద్దున దజీజ్‌లో గోదాములన్నీ మూసి ఉంటాయి. అక్కడికి తీసుకెళ్ళి, ఖాళీ నీళ్ళ క్యాన్లు అటొకటి ఇటొకటి నిలబెట్టి, నాలుగు వారాలు నేర్పాను. ఎన్ని క్యాన్లు చక్రాల కింద నలిగాయో. నా వచ్చీరాని హిందీలో తిట్టిన తిట్లన్నీ నోరెత్తకుండా పడ్డాడు. పాసైన రోజు రోడ్డు మీదే నన్ను వాటేసుకున్నాడు.

ఆ తరవాత ఆయన శుక్రవారాలు వేరే దారి పట్టాయి. వాళ్ళ దేశంవాడికి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, గొడవ వచ్చినా, ఎవరైనా ఆసుపత్రిలో పడినా, రుమైథియాలో ఎవరో చనిపోయి శవాన్ని ఇంటికి పంపాలన్నా ఈయనే పరుగెత్తేవాడు. నేను ఏసీ కింద దుప్పటి ముసుగు పెట్టి పడుకునేవాణ్ణి. ఊరందరి పనులూ నీకెందుకయ్యా అని వెక్కిరించేవాణ్ణి కూడా. కొన్నేళ్ళకు అన్నీ వదిలేసి తన ఊరెళ్ళిపోయాడు. ఊళ్ళో మొదట స్థానిక కౌన్సిలు, తరవాత రాష్ట్ర అసెంబ్లీ, ఆ తరవాత ఇస్లామాబాద్. అన్నీ ఫోనులోనే చూశాను. ప్రతి సభలోనూ "నేను కువైట్‌లో బండి తోలినవాణ్ణి, మీ కష్టం నాకు తెలుసు" అనేవాడు. ఎవరు నేర్పారో ఒక్కనాడూ చెప్పలేదు. ఆయన పంజాబీ నాకు సగమే అర్థమయ్యేది. అయినా ఆ ఒక్క ముక్క కోసం ప్రతి ప్రసంగం చివరిదాకా వినేవాణ్ణి.

కుళ్ళు అంటే కుళ్ళే, దాచుకోవడమెందుకు? ఆయన పార్టీ మారినప్పుడు, ఇక పని అయిపోయిందిలే అని సంబరపడ్డాను. ఓడిపోవాలని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను కూడా. పాకిస్తాన్ ఎన్నికలు ఆ స్వామికేం పడతాయి? మళ్ళీ గెలిచాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇప్పుడాయన వెనక సీట్లో కూర్చుంటున్నాడు. నేను మాత్రం మామాని, అంటే యజమానురాలిని, షాపింగుకి, పిల్లల్ని బడికి తిప్పుతూ ముందు సీట్లోనే ఉన్నాను.

మా ఇంట్లో వంట చేసే కోనసీమ ఆయనా నేనూ ఒకే గదిలో ఉంటాం. "ఏవండీ గురువుగారూ, మన ఎంపీలెవరికీ నేర్పలేదాండీ? అందరూ పక్క దేశం వాళ్ళేనా?" అని ఆటపట్టించేవాడు.

"నగుకో సామీ. ఆ మనిషి నోట్లోనుంచే వస్తాది ఒకనాటికి. అప్పుడు ఇనుకో" అనేవాణ్ణి.

ఆ రోజు రానే వచ్చింది. ఎంపీగారు తమ దేశంవాళ్ళని కలవడానికి కువైట్ వచ్చాడు. పాత కఫీల్ ఆయన్ని వెంటబెట్టుకుని, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మా ఇంటి దివానియాకి, అంటే మగవాళ్ళు కూర్చునే హాలుకి తీసుకొచ్చాడు. కాఫీ పోసే ఈజిప్టు ఆయన సెలవులో ఉన్నాడు. ఆ పని నేను చేస్తానని బాబాని, అంటే మా యజమానిని, నేనే అడిగి తీసుకున్నాను.

చిన్న కప్పు అడుగున కాస్త పోసి ఇవ్వాలి. చాలనుకుంటే అతిథి కప్పు అటూ ఇటూ ఊపి ఇస్తాడు. ఊపకపోతే మనం పోస్తూనే ఉండాలి. ఆయన ఊపలేదు. నాలుగుసార్లు పోశాను, ఐదుసార్లు పోశాను. నా మొహం కూడా చూడకుండా పక్కవాళ్ళతో మాట్లాడుతున్నాడు. అన్నేళ్ళు ఇక్కడున్నవాడికి ఈ పద్ధతి తెలియదా? కావాలనే నిలబెట్టి ఆడిస్తున్నాడనుకున్నాను. ఆరోసారి పోయడానికి కూజా వంచాను.

హాలులో మాటలు ఒక్క క్షణం ఆగాయి. ఆయన కప్పు కింద పెట్టి, లేచి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ క్షణం కోసమే నన్ను కదలనివ్వలేదు.

"నాకు బండి నేర్పింది ఈయనే. ఈయన లేకపోతే ఆ నెలే నన్ను ఇంటికి పంపేసేవాళ్ళు. నేనెక్కడ, పార్లమెంటు ఎక్కడ!" అని అందరూ వినేలా అరబ్బీలో చెప్పాడు.

నా కడుపు నిండిపోయింది. వంట ఆయన విన్నాడా లేదా అని మొదట తలుపు వైపు చూశాను. అక్కడే ఉన్నాడు. హాలంతా మాషా అల్లా అంది. ఎంత వినయం, ఎంత పెద్ద మనసు అని తలా ఒక మాట అన్నారు. ఒక ముసలాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. అవన్నీ ఆయన గురించే. ఎప్పుడు నేర్పావు, ఎక్కడ నేర్పావు అని నన్ను ఒక్కరూ అడగలేదు.

అందరూ వెళ్ళాక కప్పులు పళ్ళెంలోకి ఏరుతుంటే వంట ఆయన వచ్చాడు.

"పెద్దమనిషంటే ఆయనండీ. మీరలా చెప్పుకుంటున్నారని ఎవరో చెవిన వేసుంటారు. పదిమందిలో మీ పరువు పోకుండా ఎంత బాగా అల్లేశారో చూశారా?"

"అల్లేది ఏందిరా సామీ? నిజంగానే నేర్పిచ్చినా."

"అలాగేలెండి" అని ఆయన నా చేతిలోంచి పళ్ళెం అందుకున్నాడు.