మా బడి యుద్ధవిమానం ఖరీదు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు తెలిసినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.) యుద్ధవిమానాల కొనుగోలు ఖర్చు మళ్ళీ పెరిగిందని పేపర్లో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అందరూ నావైపు చూసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ వ్యవహారంలో నాకు కొంత అనుభవం ఉంది.

విడపనకల్లు దగ్గర ఒక బడిలో సైన్సు పంతులుగా చేరిన ఏడాది, జనవరి ఇరవయ్యారు ఊరేగింపుకి వెదురుబద్దలతో యుద్ధవిమానం చేయించే పని నాకు అప్పగించారు. "రెండు వేలల్లో అయిపోతుంది సార్" అని హెడ్మాస్టరుకి ధీమాగా చెప్పాను. మొదటి జీతంతో ధర్మవరం పట్టుచీర కొంటానని అమ్మకు అంతకంటే ధీమాగా మాటిచ్చి ఉన్నాను. ఆ జీతం ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది.

విమానం పదడుగులు అనుకున్నాం. డ్రిల్లు మాస్టరు చూసి పెదవి విరిచాడు. "ఏమప్పా, ఇది కొంగ మాదిరుండాది. రెక్కలు పెంచు." పెంచాం. హెడ్మాస్టరు వచ్చి, "రెండు క్షిపణులన్నా లేకుంటే శత్రువు ఎట్ల భయపడతాడు?" అన్నారు. తగిలించాం. ఆ బరువుకి బద్దలు వంగితే మందంవి తెచ్చాం. విమానం పొట్ట లోపలికి పోతోందని, కాయలు తీసేసిన వేరుశనగ ఎండుకట్టె కుక్కించడం మాత్రం అచ్చంగా నా తెలివే. అసలే కరువు, పశువుల మేతకే ఆ కట్టె దొరకడం లేదు. అమ్మే రైతుని ఊరంతా మామ అనేది. ఆ మామ వారం వారం ధర పెంచుతూ, "నీ ఇమానానికి ఆకలెక్కువప్పా" అనేవాడు. సగం కట్టాక ఆపలేం కదా, ప్రతిసారీ ట్రంకుపెట్టె తెరిచాను. చివరికి ట్రాక్టరు బాడుగకి కూడా మిగలక, మామనే బతిమాలి ఎడ్లబండి తెప్పించాను.

ఆ పొద్దున అమ్మ కూడా వచ్చింది. జెండా ఎగరేసేదాకా ఆగాలి కాబట్టి మామ ఎడ్లను విప్పి, విమానం ఎక్కించిన ఆ బండికే కట్టేశాడు. జాతీయగీతం మొదలైంది. అందరం నిటారుగా నిలబడ్డాం. ఎడ్లు రంగుకాగితం చించి తోక మేయసాగాయి. కదలకూడదు, అరవకూడదు. అంత పొడుగు జాతీయగీతం నేను మళ్ళీ వినలేదు. పాట ముగిసేసరికి తోక లేదు, పొట్టలో సగం లేదు. నాకు ఏడుపొచ్చింది. "ఏం పర్వాలేదప్పా, మనం కూల్చిన శత్రువు ఇమానమని చెప్తాం పా" అన్నాడు డ్రిల్లు మాస్టరు. జనం ఈలలు వేసి మరీ చప్పట్లు కొట్టారు.

అమ్మ మెల్లగా పక్కకొచ్చి, "నాయనా, నా చీర యాడుండాది?" అంది.

"అదోమ్మా, ఎర్రెద్దు నమలతాండాది."

అమ్మ నవ్వి నవ్వి నూలుచీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తిననీలే, ఈ కరువులో దాని కడుపన్నా నిండినాది" అంది.

పట్టుచీర మరుసటి ఏడాది కొన్నాను. అప్పటికి దాని ధరా పెరిగింది. అమ్మ దాన్ని ఇప్పటికీ "ఇమానం చీర" అనే అంటుంది. పేపరు మడిచి పక్కన పెడుతుంటే, రెండు వేలల్లో అయిపోతుందన్న ఆ కుర్ర పంతులు గుర్తొస్తాడు. వాడి ధీమా మాత్రం ఇప్పుడు ఎంత పెట్టినా దొరకడం లేదు.