బ్యాళ్లు ఉడకని బావి

పోయిన ఆదివారం మా అబ్బాయీ కోడలూ నన్ను కారులో ఎక్కించుకుని పులివెందుల నుంచి కడపకు తీసుకుపోయారు. కోడలికి అక్కడికి బదిలీ అయింది, పిల్లల చదువులకూ అదే అనువుగా ఉంటుంది కాబట్టి, ఉన్న ఇల్లు ఉండగానే కడపలో ఇంకొక ఇల్లు కొనాలని వాళ్ల ఆలోచన. మేం చూసిన అపార్టుమెంటులో బ్రోకరు మమ్మల్ని నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి, కొళాయి తిప్పి, కింద నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు ఉందనీ, ఏ అంతస్తులో తాగినా ఒకటే రుచి అనీ గొప్పగా చెప్పాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, ఈ బ్లాకులో అంతా మనవాళ్లే కొన్నారమ్మా అన్నాడు. నీళ్ల మాటా మనవాళ్ల మాటా ఒకదాని వెనక ఒకటి వినేసరికి నాకు నవ్వు ఆగలేదు. మా అబ్బాయి ఏందమ్మా అన్నట్టు చూశాడు గానీ, ఆ నవ్వు వెనక ఉన్న కథ వంటింట్లో నిలబడి చెప్పేటంత చిన్నది కాదు.

మాది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లె. నల్లరేగడి భూములు, జొన్న, శనగ, పత్తి. మా చిన్నతనంలో నాలుగు ఎకరాలు ఎక్కువున్న ప్రతి ఇంటివాళ్లకూ పొద్దుటూరులో ఒక ఇల్లు చేసుకోవాలన్నదే కోరిక. పల్లెలో ఇల్లు పంటకు, పొద్దుటూరులో ఇల్లు పిల్లల చదువుకు. అయితే అందరూ పోయి పోయి బస్టాండు వెనక ఒకే వీధిలో కొనేవాళ్లు. పొద్దుటూరంత ఊరు చుట్టూ ఉన్నా సరే, పక్కింట్లో చిన్నాయన, ఎదురింట్లో మేనమామ ఉంటే తప్ప మావాళ్లకు నిద్ర పట్టదు. ఆ వీధిలోకి అడుగుపెడితే బస్సెక్కి వచ్చినట్టే ఉండదు, మళ్లీ మా ఊళ్లోనే దిగినట్టుండేది.

మా పెద్దనాయన అందరికన్నా ముందు అక్కడ ఇల్లు కొని, మా అక్కను, అంటే ఆయన కూతుర్ని, బాలికల హైస్కూల్లో చేర్పించాడు. అక్క నాకన్నా బాగా చదివేది, ఇది వినయానికి చెబుతున్న మాట కాదు, నిజం. కానీ ఆస్పత్రికి వచ్చినవాళ్లు, పత్తి అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు, బంగారం కొనేవాళ్లు, కోర్టు వాయిదాకు వచ్చినవాళ్లు, ఏ పనీ లేక సినిమాకు వచ్చినవాళ్లు, మా పల్లె నుంచి ఎవరొచ్చినా దిగేది పెద్దనాయన ఇంట్లోనే. అరుగు మీద పొద్దున మొదలైన పంచాయితీ దీపాలు పెట్టినా ముగిసేది కాదు. అంతమందికీ టీలు కాచేది, అన్నాలు వార్చేది పెద్దమ్మా అక్కా. మొదట ఒక పూట బడి మానిన అక్క, తర్వాత ఒక వారం మానింది, ఆ తర్వాత ఇక పోనేలేదు. ఎవరూ ఆమెను చదువు మానమని చెప్పలేదు, అదే విచిత్రం. పొయ్యి దగ్గర మనిషి అవసరమైంది, అంతే.

నేను ఊళ్లో బడి ముగించేసరికి మా నాయన కూడా పొద్దుటూరు ఇంటి ప్రయత్నంలో పడ్డాడు. పెద్దనాయన ఇంటికి గోడ పక్కనే ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. అన్నదమ్ములిద్దరూ పక్క పక్కన ఉండొచ్చని మా ఇంట్లో పండగలాగా ఉండింది. అమ్మ మాత్రం ఆ పండగలో కలవలేదు. మీవాళ్ల మధ్య నేనుండను అని మొగుడితో అనడం ఆ రోజుల్లో ఇల్లు రెండు చెయ్యడంతో సమానం. ఒక్క విషయంలో మాత్రం ఆడవాళ్ల మాటకు ఎదురులేదు, అది నీళ్లు. పొద్దుటూరులో ఒక బావి తియ్యగా ఉంటే గోడ అవతలి బావి ఉప్పగా ఉండేది. కొన్ని నీళ్లు తాగడానికి బాగానే ఉంటాయి గానీ, వాటిలో కందిపప్పు, మేం బ్యాళ్లు అంటాం, ఎంతసేపు కాచినా మెత్తబడదు. అందుకని ఇల్లు కొనే ముందు ఆ ఇంటి ఆడమనిషి వచ్చి, ఆ పెరట్లోనే మూడు రాళ్లు పెట్టి, ఆ బావి నీళ్లతోనే పిడికెడు బ్యాళ్లు ఉడకేసి చూడడం మా వైపు ఆనవాయితీ. అవి ఉడక్కపోతే ఎంత మంచి ఇల్లయినా బేరం అక్కడికి సరి.

ఆ రోజు అమ్మ వెంట నన్ను కూడా తీసుకుపోయారు. నాకు బస్సు పడదు, కడుపులో తిప్పితే చప్పరించమని అమ్మ ఎప్పుడూ కొంగున చింతపండు ముడి వేసుకునేది. పెరట్లో పొయ్యి వెలిగించింది, నీళ్లు చేదింది. నాయనా పెద్దనాయనా మిద్దె మీద గోడలు తట్టి చూస్తూ, ఏ గదిలో ఎవరు పడుకోవాలో కూడా తీర్మానం చేసేస్తున్నారు. అమ్మ కొంగు ముడి విప్పి, నా చింతపండును చెంబు నీళ్లలో బాగా పిసికి, ఆ నీళ్లు కుండలో పోసి, పిప్పిని గోడ అవతలికి విసిరేసింది. అప్పుడు నా వైపు తిరిగి చూసింది. పులుపు పడితే బ్యాళ్లు ఉడకవని ఆ వయసుకే నాకు తెలుసు. నేను పుల్లలు ఎగదోస్తూ కూర్చున్నాను.

మగవాళ్లు కిందికి దిగి వచ్చేసరికి బ్యాళ్లు అలాగే గలగలమంటున్నాయి. గంట నుంచి మంట పెడతాండా, రాళ్ల మాదిరే ఉండాయి, ఈ నీళ్లతో కాపురం ఎట్ల చేసేది అంది అమ్మ. పెద్దనాయన దోసిలితో బావి నీళ్లు తాగి, ఏందప్పా ఇది, నీళ్లు కలకండ మాదిరుండాయి గదా అని వాదనకు దిగాడు. మా నాయన గరిటెతో నాలుగు బ్యాళ్లు తీసి, ఊదుకుని నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలాడు. అమ్మ పొయ్యి వైపే చూస్తూ ఉంది, నేను ఇంకో రెండు పుల్లలు లోపలికి తోశాను. ఆయన మింగి, ఉడకలా, ఇంకో వీధి చూద్దాంలే అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

కొన్నది చివరికి పెన్న వైపు మగ్గాల వీధిలో. అక్కడ మాకు చుట్టాలు లేరు. పొద్దున్నే మగ్గాల చప్పుడుకు లేచి చదువుకునేదాన్ని, కాబట్టి నాకు గడియారం అవసరం పడలేదు. మా పల్లెవాళ్లు అంత దూరం నడవలేక పెద్దనాయన ఇంట్లోనే ఆగిపోయేవాళ్లు. నేను హైస్కూలు ముగించాను, కాలేజీకి పోయాను, టీచరునయ్యాను, హెడ్‌మాస్టరుగా దిగిపోయాను. నా చదువు నా తెలివితో వచ్చిందని సన్మానసభలో చాలామంది అన్నారు. తెలివి ఉండిందిలెండి, నేను కాదనను. కానీ అంతకన్నా తెలివైన మా అక్క టీలు కాస్తూ ఉండిపోయిందన్న సంగతి నాకు తెలుసు.

అమ్మ పోయిన తర్వాత నాయన కొన్నాళ్లు పులివెందులలో నా దగ్గర ఉన్నాడు. ఒకరోజు చింతచిగురు పప్పు వడ్డిస్తే, ముద్ద నోట్లో పెట్టుకుని తనలో తనే నవ్వుకున్నాడు. పొద్దుటూరులో ఆ పొద్దు మీ అమ్మ ఉడకేసిన బ్యాళ్లు గూడా ఇంతే పులుపు పాపా, అన్నాడు. నీకు తెల్సా నాయనా అంటే, నోట్లో వేసుకున్నోనికి తెలీదా, అంత పని చేసిందంటే ఆ ఇల్లు ఎంత వద్దనుకునిందో అని ఊరకుంటి అన్నాడు. మరి అమ్మకు ఎప్పుడూ చెప్పలేదా అని అడిగాను. చెప్తే పాపం మొగం యాడ పెట్టుకుంటాది అని మళ్లీ అన్నం కలుపుకున్నాడు. అమ్మ ఆయన్ను గెలిచాననే అనుకుని పోయింది. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుని వచ్చాను.

కడపలో ఆ బ్రోకరు మాట ముగిసీ ముగియకముందే మా కోడలు, నాకీడ వద్దు, అంతా మనవాళ్లే అయితే వచ్చేపొయ్యేవాళ్లకు కాఫీలు కలిపేదే సరిపోతాది, నేను ఉద్యోగానికి ఎప్పుడు పోయేది అని అందరి ముందూ అనేసింది. మా అబ్బాయి సరే అని కారు తాళాలు తీశాడు. అంతే, అయిపోయింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, ఆ మాట కోసం మా అమ్మ పిడికెడు బ్యాళ్లను పాడు చెయ్యాల్సి వచ్చింది మరి. ఇప్పుడు ఏ వీధిలోనైనా నీళ్లు ఒకటే, ఆడవాళ్లు వద్దంటే వద్దే, నా లెక్కన ఇదే మేలైన కాలం. అయినా తిరిగి వచ్చేటప్పుడు కారులో కూర్చుని నేను తలచుకున్నది మా నాయననే. చెప్పిన మాట వినే మగవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. చెప్పలేని మాటను నాలుగు పుల్లటి బ్యాళ్లలో విని, నమిలి మింగి, బతికినన్నాళ్లూ ఆమెకు తెలియనివ్వని మనిషిని మాత్రం నేను మళ్లీ చూడలేదు.